హంబన్‌టొట గురించి నేను రాసింది తప్పు

అప్పు తీర్చలేక శ్రీలంక తన రేవును చైనాకు వదులుకుందని నేను సంపాదకీయంలో రాశాను. ఆదివారం అనుబంధంలో రాశాను. జర్నలిజం విద్యార్థులకు పాఠంగా చెప్పాను. సభల్లో మైకు ముందు నిలబడి గట్టిగా అన్నాను. అన్న ప్రతిసారీ నిజమే చెబుతున్నానని నమ్మాను. అది నిజం కాదు. నా చేత ఎవరూ బలవంతంగా రాయించలేదు. సరిచూసుకునే వీలు చేతిలోనే ఉంది, చూసుకోలేదు. ఎందుకు చూసుకోలేదని ఇన్నాళ్లకు నన్ను నేను అడుగుతున్నాను.

నేను నమ్మిన కథ ఇది. శ్రీలంక దక్షిణపు కొసన హంబన్‌టొట ఉంది. మహీంద రాజపక్స సొంత జిల్లా, 2004 సునామీ దెబ్బతిన్న తీరం. ఆయన అధ్యక్షుడయ్యాక 2007లో చైనా ఎగ్జిమ్ బ్యాంకు దగ్గర అప్పు తీసుకుని అక్కడ రేవు కట్టించారు. 2010 నవంబరు 18న, తన పుట్టినరోజున, దాన్ని ప్రారంభించారు. ఓడలు రాలేదు. 2012లో కొలంబోకు 3,667 ఓడలు వస్తే హంబన్‌టొటకు వచ్చినవి 34. 2017లో ఆ రేవు 99 ఏళ్ల లీజు మీద చైనా ప్రభుత్వ రంగానికి చెందిన చైనా మర్చంట్స్ సంస్థ చేతికి వెళ్లింది. ఇంతవరకు ప్రతి మాటా నిజమే. ఇలా ఎందుకు జరిగిందని నేను చెప్పిన కారణమే తప్పు. అప్పిచ్చి, తీర్చలేని స్థితికి తెచ్చి, ఆస్తి రాయించుకోవడమే చైనా ‘బెల్ట్ అండ్ రోడ్’ విధానమనీ, హంబన్‌టొట దానికి రుజువనీ రాశాను. 1898లో హాంకాంగ్ కొత్త భూభాగాలను బ్రిటన్ తీసుకున్నదీ 99 ఏళ్లకేనని గుర్తు చేసి, చరిత్ర తెలిసినవాడినని అనిపించుకున్నాను.

ఆ కథ నాకు కొలంబో నుంచి రాలేదు. 2017 జనవరిలో ఢిల్లీలోని వ్యూహ నిపుణుడు బ్రహ్మ చెలానీ చైనా అప్పుల మీద ఒక వ్యాసం రాశారు. ‘అప్పుల ఉచ్చు దౌత్యం’ అనే మాట అక్కడి నుంచి పైకి లేచింది. ఆ ఏడాది డిసెంబరులో రేవు అప్పగింత జరిగింది. 2018 జూన్ 25న న్యూయార్క్ టైమ్స్ హంబన్‌టొట మీద పెద్ద కథనం వేసింది. శ్రీలంక చేత చైనా రేవును ఎలా కక్కించిందో చెబుతున్నట్టుగా ఉంది దాని శీర్షిక. అక్టోబరులో అమెరికా ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ హడ్సన్ ఇన్‌స్టిట్యూట్ ప్రసంగంలో ఇదే రేవును ఉదాహరణగా చూపారు. అటు తర్వాత ఏ ఏజెన్సీ కాపీలో చూసినా, చైనా అప్పుల ప్రస్తావన వస్తే చివరి పేరాలో హంబన్‌టొట ఒక వాక్యమై ఉండేది. పదిచోట్ల కనిపించింది కనుక పదిమంది విడివిడిగా విచారించి రాశారని అనుకున్నాను. ఆ పదిమందీ ఒకే కథనాన్ని చదివి రాస్తున్నారన్నది నాకు తట్టలేదు. నేనే పదకొండోవాడిని.

మా డెస్కులో పని ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉండదు. సాయంత్రానికి రాయిటర్స్, ఏఎఫ్‌పీ, పీటీఐ కాపీలు గుట్టగా పడతాయి. మొదటి ఎడిషన్ పేజీ వెళ్లేలోపు వాటిని తెలుగులో దించాలి, హెడ్డింగు పెట్టాలి, బాక్స్ ఐటం ఒకటి కూర్చాలి. తెలుగు పత్రికలకు కొలంబోలో విలేకరి లేడు. కాబట్టి మన పక్క సముద్రం వార్త న్యూయార్కు, లండన్‌లు తిరిగి మన దగ్గరికి వస్తుంది. ఇది వృత్తిలోని ఇబ్బంది, దాన్ని కాదనను. కానీ సంపాదకీయం రాయడానికి నాకు గడువు అంత ఇరుకుగా లేదు. కొలంబో నుంచి డైలీ మిర్రర్, సండే టైమ్స్, డైలీ ఎఫ్‌టీ ఇంగ్లిషులోనే వస్తాయి. శ్రీలంక సెంట్రల్ బ్యాంకు వార్షిక నివేదికలు ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. రేవుల మీద, అప్పుల మీద తీర్పులిచ్చిన ఆ ఏళ్లలో వాటిలో ఒక్కదాన్నీ నేను తెరవలేదు.

నన్ను మొదట ఆపినవాడు మా బావమరిది. విశాఖలో కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు. అక్కడి కంటైనర్లు కొన్ని చిన్న ఓడల్లో కొలంబో వెళ్లి, అక్కడ పెద్ద ఓడలెక్కుతాయి. లంక రేవుల సంగతి అతనికి రోజూ పనే. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు నా వ్యాసం చదివి అన్నాడు: “బావా, ఆ రేవు తీసుకున్నందుకు చైనావోళ్లు నూట పన్నెండు కోట్ల డాలర్లు కట్టేరు కదేటి? అప్పు కింద జమేసుకున్నోడు ఎదురు డబ్బులెందుకిస్తాడు? తాకట్టు పెట్టిన ఇల్లు పోగొట్టుకున్నోడు వేరు, ఇల్లు లీజుకిచ్చి ఆ డబ్బుతో ఇంకోడి బాకీ తీర్చుకున్నోడు వేరు.” నేను అతనికి సమాధానం చెప్పలేకపోయాను. చెప్పలేకపోయినందుకు కోపం కూడా వచ్చింది. పత్రికలో పనిచేసేది నేను, రేవులో కాగితాలు తిప్పేవాడు నాకు చెప్పడమేమిటనుకున్నాను. ఆ అహంకారం వల్ల ఇంకా కొంతకాలం పోగొట్టుకున్నాను.

అతను చెప్పిందే సరైన లెక్క. 2017 జులైలో కుదిరిన ఒప్పందం ప్రకారం చైనా మర్చంట్స్ 112 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ డబ్బు రేవు అప్పుకు జమ కాలేదు. విదేశీ మారక నిల్వలు పెంచుకోవడానికి, వేరే బాకీలకు పనికొచ్చింది. రేవు కోసం తీసుకున్న ఎగ్జిమ్ బ్యాంకు అప్పులు రద్దు కాలేదు. రేవుల సంస్థ ఖాతాలోంచి ప్రభుత్వ ఖజానా ఖాతాలోకి మారాయి. అప్పిచ్చిన బ్యాంకు ఒకటి, లీజు తీసుకున్న సంస్థ మరొకటి. ఆ అప్పు ఎంతో కూడా చూద్దాం. మొదటి దశకు 30.7 కోట్ల డాలర్లు, 6.3 శాతం వడ్డీకి. రెండో దశకు 75.7 కోట్లు, 2 శాతానికి. 2017లో శ్రీలంక తీర్చాల్సిన అప్పుల వాయిదాలు, వడ్డీలు కలిపి సుమారు 450 కోట్ల డాలర్లయితే, అందులో హంబన్‌టొట వాటా 5 శాతం. మిగిలిన 95 శాతం ఎవరికి వెళుతోందని నేను ఒక్కసారైనా అడిగి ఉంటే కథ అక్కడే విడిపోయేది.

అందులో బాండ్లు కొన్నవాళ్లకు వెళ్లేదీ ఉంది. శ్రీలంక మొదటి అంతర్జాతీయ సార్వభౌమ బాండ్లు అమ్మింది 2007లోనే, హంబన్‌టొట అప్పు తీసుకున్న ఏడాదే. 50 కోట్ల డాలర్లు, 8.25 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు. చైనా బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువ, గడువు చాలా తక్కువ. బాండు గడువు తీరిన రోజున అసలు మొత్తం ఒకేసారి కట్టాలి. కట్టడానికి మళ్లీ బాండ్లు అమ్మాలి. అలా అమ్ముతూ పోయి, 2022లో చేతులెత్తేసే నాటికి ఆ బాండ్ల బాకీ సుమారు 1,250 కోట్ల డాలర్లకు చేరింది. 2015లో మైత్రిపాల సిరిసేన ప్రభుత్వం వచ్చేనాటికి శ్రీలంక చైనాకు ఉన్న బాకీ కన్నా జపాన్, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకులకు ఉన్న బాకీయే ఎక్కువ. 2016లో ఐఎంఎఫ్ గడప తొక్కిందీ ఈ మొత్తం భారంతోనే. డాలర్లు కావలసి వచ్చి రేవును లీజుకిచ్చారు. ఇచ్చింది చైనాకు దగ్గరివాడని పేరున్న మహీంద రాజపక్స కూడా కాదు, ఆయన్ని ఓడించి వచ్చిన సిరిసేన, రణిల్ విక్రమసింఘేల ప్రభుత్వం.

అసలు ఆ రేవు ఆలోచన చైనాది కూడా కాదు. కెనడా ప్రభుత్వ సాయ సంస్థ డబ్బుతో ఎస్‌ఎన్‌సీ లావలిన్ అనే కెనడా కంపెనీ 2003లో ఒక అధ్యయనం చేసింది. 2006లో డెన్మార్క్ సంస్థ రాంబోల్ మరొకటి చేసింది. ముందు కంటైనర్లు కాని సరుకుతో మొదలుపెట్టి, ఆదాయం వచ్చాక పెంచుకుంటూ పోవాలన్నది ఆ రెండో అధ్యయనం సారం. తాను మొదట భారత్‌నే అడిగానని మహీంద రాజపక్స పలుమార్లు చెప్పారు. మొదటి దశ సంపాదన చూడకుండానే రెండో దశకు అప్పు తేవడం ఆయన తప్పు. ఈ తప్పుకు బాధ్యులు కొలంబోలో ఉన్నారు. నేను వాళ్లను వదిలేసి, బాధ్యతంతా బీజింగ్‌కు రాశాను. శ్రీలంకకు సొంత నిర్ణయాలు, సొంత పొరపాట్లు ఉంటాయనే అనుకోలేదు. రెండు కోట్ల మందికి పైగా ఉన్న దేశాన్ని ఎవరో మోసగిస్తే మోసపోయే అమాయకురాలిగా చూపించాను. దీనికి ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఎందుకు నమ్మానంటే, నమ్మాలనుకున్నాను. 2017 వేసవిలో డోక్లాంలో మన సైన్యమూ చైనా సైన్యమూ రెండు నెలలకు పైగా ఎదురెదురుగా నిలబడ్డాయి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో మన సైనికులు 20 మంది చనిపోయారు. వారిలో కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆయన అంతిమయాత్ర వార్తలు దిద్దిన చేత్తోనే ఆ వారం ఒక వ్యాసం రాశాను. అందులోకి హంబన్‌టొట మళ్లీ వచ్చింది. ఆ దుఃఖం నిజమైనది, ఆ కోపంలో న్యాయముంది. అయితే ఒక రేవు జమాఖర్చులు ఆ కోపంతో తేలేవి కావు. చైనాను తప్పుపట్టే ఏ మాటనైనా అప్పుడు పరీక్ష లేకుండా లోపలికి రానిచ్చాను. దేశభక్తి అనుకున్నాను. పాఠకుడికి తప్పుడు లెక్క చెప్పడం దేశానికి ఏ విధంగానూ మేలు కాదు.

ఇక్కడ డార్విన్ రేవు మాట చెప్పాలి. 2015లో ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వం ఆ రేవును ల్యాండ్‌బ్రిడ్జ్ అనే చైనా కంపెనీకి ఇదే 99 ఏళ్ల లీజుకు, 50.6 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు ఇచ్చింది. భద్రత సంగతేమిటని గొడవ జరిగింది, జరగాల్సిందే. ఆస్ట్రేలియా అప్పులపాలై రేవు పోగొట్టుకుందని మాత్రం ఏ విదేశీ పత్రికా రాయలేదు. ధనిక దేశం చేస్తే వ్యాపార నిర్ణయం, పేద దేశం చేస్తే వలలో పడ్డట్టు. ఈ తేడాను నేనూ పట్టుకోలేకపోయాను. మన దేశం గురించి విదేశీ పత్రికలు ఇలాగే ఏకపక్షంగా రాసినప్పుడు మండిపడి సంపాదకీయాలు రాసినవాడిని నేను. పొరుగు దేశం వంతు వచ్చినప్పుడు అదే కొలత వాడాలని తోచలేదు.

2020 ఆగస్టులో లండన్‌లోని పరిశోధన సంస్థ చాటమ్ హౌస్ పత్రం, 2021 ఫిబ్రవరిలో ‘ది అట్లాంటిక్’లో డెబొరా బ్రౌటిగమ్, మెగ్ రిత్‌మైర్ వ్యాసం వచ్చాయి. ఉచ్చు కథ నిలవదని రెండూ ఆధారాలతో చూపాయి. వాటిని నేను ఆలస్యంగా చదివాను. చదివాక మరో తెలివితక్కువ పని చేశాను. ఒక వైపు నుంచి పూర్తిగా అవతలి వైపుకు దూకాను. చైనాది ఏ తప్పూ లేదని, అంతా పాశ్చాత్య పత్రికల ప్రచారమేనని కొన్నాళ్లు మాట్లాడాను. చైనా ప్రభుత్వ వార్తా సంస్థలు ఇరుపక్షాలకూ లాభమంటూ రాసే కథనాలను ఉటంకించాను. చైనా డైలీ వాళ్లు ‘చైనా వాచ్’ పేరుతో ప్రపంచ పత్రికల్లో డబ్బు కట్టి పేజీలు వేయిస్తారని తెలిసీ ఆ పని చేశాను. న్యూయార్క్ టైమ్స్ కథనంలో నిలిచే సంగతులు కూడా ఉన్నాయి. 2015 ఎన్నికల్లో రాజపక్స ప్రచారానికి రేవు కట్టిన చైనా కంపెనీ ఖాతా నుంచి కనీసం 76 లక్షల డాలర్లు వెళ్లాయని ఆ పత్రిక పత్రాల ఆధారంగా రాసింది, రాజపక్స పక్షం ఖండించింది. 2014లో చైనా జలాంతర్గామి కొలంబోలో ఆగింది. 2022 ఆగస్టు 16న యువాన్ వాంగ్ 5 అనే చైనా నిఘా నౌక ఢిల్లీ అభ్యంతరం చెప్పినా హంబన్‌టొటలోకే వచ్చింది. మన తీరం మీద దృష్టి ఉన్నవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇక శ్రీలంక విదేశీ అప్పుల్లో చైనా వాటా పది శాతమే అని నేను చెబుతూ వచ్చిన అంకె కూడా తక్కువే. ప్రభుత్వ రంగ సంస్థల పేరున తెచ్చినవన్నీ కలిపితే 2021 చివరికి అది ఇరవై శాతం దాకా ఉంటుందని ఉమేశ్ మొరముదలి, తిలిన పండువావల అనే శ్రీలంక పరిశోధకులు లెక్కగట్టారు. లంక అప్పుల గురించి నాకు తెలిసినవాటిలో ఎక్కువగా నమ్మదగిన లెక్క చివరికి లంకవాళ్లే చెప్పారు.

నా పొరపాటు వల్ల జరిగిన నష్టం 2022లో తెలిసింది. ఆ ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపులు నిలిపేస్తున్నట్టు శ్రీలంక ప్రకటించింది. పెట్రోలుకు, గ్యాసుకు, మందులకు జనం బారులు తీరారు. జులై 9న అధ్యక్ష భవనంలోకి జనం చొచ్చుకుపోయారు, అధ్యక్షుడు గొటబయ రాజపక్స దేశం విడిచి వెళ్లారు. మన దేశం సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. ఇదంతా ఎందుకు జరిగిందని తెలుగు పాఠకుడు అడిగితే, నా పాత వ్యాసం నుంచి అతనికి దొరికే జవాబు ఒక్కటే, చైనా. 2019 చివర్లో గొటబయ ప్రభుత్వం వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించి ఖజానాకు గండి కొట్టిన సంగతి అందులో లేదు. 2019 ఈస్టర్ పేలుళ్లు, ఆపై కోవిడ్ పర్యాటకాన్ని కూల్చిన సంగతి లేదు. 2021లో రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించి రైతును ముంచిన సంగతి లేదు. 1,250 కోట్ల డాలర్ల బాండ్ల సంగతి అసలే లేదు. 2022 జూన్‌లో హామిల్టన్ రిజర్వ్ బ్యాంకు అనే సంస్థ తన బాండ్ల బాకీ కోసం న్యూయార్క్ కోర్టులో శ్రీలంక మీద దావా వేస్తే, దాన్ని మా పేజీలో సింగిల్ కాలమ్‌గా కూడా పెట్టలేదు.

గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాడొకడు నా పాఠం విన్నవాడే. మాక్ ఇంటర్వ్యూలో శ్రీలంక గురించి అడిగితే నేను చెప్పిందే చెప్పాడట. అయితే బాండ్ల అప్పు ఎంత అని ఎదురు ప్రశ్న వచ్చింది. “సార్, బాండ్ల గురించి మీరు చెప్పలేదండీ” అన్నాడు నాతో. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అప్పుడు నాకూ తెలియదు.

2022లోనే మన రాజకీయ నాయకులు రాష్ట్రం మరో శ్రీలంక అయిపోతోందని సభల్లో, టీవీల్లో అరుచుకున్నారు. రిజర్వు బ్యాంకు మంగళవారాల్లో నిర్వహించే వేలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంటాయి. అవి రూపాయి అప్పులు, కేంద్రం విధించిన పరిమితికి లోబడినవి. శ్రీలంక మునిగింది డాలరు అప్పుల్లో. ఈ తేడా ఏమిటి, పోలిక ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అని పాఠకుడికి విడమరచి చెప్పాల్సిన సమయం అదే. శ్రీలంక ఎలా మునిగిందో నాకే సరిగా తెలియనప్పుడు ఏం చెప్పగలను? పోలికను అరిచినవాళ్లనూ, కొట్టిపారేసినవాళ్లనూ నిలదీసే అవకాశం నా అజ్ఞానం వల్ల పోయింది.

హంబన్‌టొట జనం సంగతి కూడా నా రాతల్లో లేదు. 2016 డిసెంబరులో రేవు కార్మికులు ఉద్యోగాలకు హామీ కోరుతూ సమ్మె చేసి ఓడలను కదలనివ్వలేదు, నౌకాదళం దిగింది. 2017 జనవరి 7న 15,000 ఎకరాల పారిశ్రామిక మండలానికి భూములు ఇవ్వబోమని రైతులు, బౌద్ధ భిక్షువులు రోడ్డెక్కితే పోలీసులు బాష్పవాయువు వదిలారు. వాళ్లు అడిగింది ఉపాధి, భూమి. చైనా వ్యూహం గురించి, అమెరికా వ్యూహం గురించి రాసిన నేను ఉద్దండరాయునిపాలెం నుంచి మల్లన్నసాగర్ దాకా భూసేకరణ వార్తలు చూసినవాడిని. ఆ రైతుల మాట నాకు వెంటనే అర్థం కావాల్సింది.

బాండ్లవాళ్లతో 2024 డిసెంబరులో శ్రీలంక కొత్త ఒప్పందం ముగించుకుంది. 2024 జనవరి 1 నుంచి అక్కడ వ్యాట్ 18 శాతం. హంబన్‌టొటలో కూలి పని చేసుకునేవాడు కొనే సరుకు మీద కూడా ఆ అప్పు భారం పడుతోంది. ఇప్పుడు డెస్కులో పనిచేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం ఒకటే. లంక వార్త వచ్చిన సాయంత్రం, ఏజెన్సీ కాపీ తెలుగులో దించే ముందు కొలంబో పత్రిక ఒకటి తెరవండి. డబ్బు లెక్క ఉంటే అక్కడి సెంట్రల్ బ్యాంకు నివేదిక చూడండి. నేపాల్ వార్తకు కాఠ్‌మాండూ, బంగ్లాదేశ్ వార్తకు ఢాకా పత్రికలు చూడండి. నా పాత వ్యాసం కత్తిరించి దాచుకున్న పాఠకులుంటే, దయచేసి దాన్ని పిల్లలకు ఇవ్వకండి.